మూడో స్ట్రైకు తర్వాత

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు అప్పుడప్పుడు కడపలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, బదిలీల గురించి మాట్లాడతారు, ఎండను తిడతారు. లేచే ముందు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, మీ సర్వీసు మొత్తంలో మరిచిపోలేని మ్యాచ్ ఏది?" నా జవాబు వినగానే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ఎందుకంటే అది బేస్‌బాల్ మ్యాచ్. అందులో మొత్తం మీద వచ్చింది ఒకే ఒక్క పరుగు. ఆ ఒక్కటి కూడా ఎవరూ బ్యాటుతో కొట్టింది కాదు.

ఇంకేదైనా మంచిది చెప్పండి సార్ అన్నట్టు చూస్తారు. అంతకంటే మంచిది నా దగ్గర లేదు. అందుకే ఈసారి నోటితో చెప్పి సరిపెట్టకుండా కాగితం మీద పెడుతున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మీ ఖర్మ.

మా సీమలో బేస్‌బాల్ ఏమిటని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆడతారు, బాగా ఆడతారు. కాకపోతే గడ్డి ఉండదు. పరుగు దారిలో తొక్కాల్సిన బేస్‌ను నేల మీద జారుతూ అందుకుంటే మోచేతి తోలు సగం అక్కడే ఉండిపోతుంది. గ్లవ్స్ సరిపడా ఉండవు కాబట్టి ఒక జట్టు బ్యాటింగ్‌కు వచ్చేటప్పుడు రెండో జట్టుకు ఇచ్చి వస్తుంది. గోడ మీద వాలి చూసే జనం, "ఇదేం క్రికెట్ సార్, వికెట్లు యాడ పెట్టినారు?" అని అడగడం మామూలే. జనమే కాదు, మా పిల్లలు కూడా ముందు క్రికెట్ నేర్చుకుని తర్వాత ఈ ఆటకు వచ్చినవాళ్ళు. బ్యాటు కింద పారేసి పరిగెత్తమంటే చంకలో పెట్టుకుని పరిగెత్తేవాళ్ళు. కాలు పెట్టాల్సిన చోట దూరం నుంచి బ్యాటు చాపి ఆనించి, వచ్చేశాను కదా సార్ అని వాదించేవాళ్ళు. అలాంటి వాళ్ళను ఎంతమందిని ఔటిచ్చి తిట్లు తిన్నానో లెక్క లేదు. ఒంటికి పట్టిన ఆట అంత తొందరగా వదలదు.

నేను రిటైరు కావడానికి కొంచెం ముందు జరిగింది ఇది. కర్నూలు, కడప జిల్లాల మేటి అమ్మాయిలందరినీ ఒకచోట చేర్చి, వాళ్ళను కలగలిపి ఎర్ర జట్టు, నీలం జట్టు అని రెండుగా చేసి ఒక మ్యాచ్ పెట్టారు. బ్యానర్ మీద ఆల్‌స్టార్ మ్యాచ్ అని రాయించారు. పేరు గొప్పగానే ఉంది గానీ నిజానికి అది సెలక్షన్. అందులో బాగా ఆడినవాళ్ళు రాష్ట్ర శిబిరానికి వెళ్తారు. బ్యాటర్లు నలుగురైదుగురు వెళ్ళవచ్చు. పిచర్ మాత్రం, అంటే బంతి విసిరే అమ్మాయి, మా రెండు జిల్లాలకూ కలిపి ఒక్కరే. నన్ను ప్లేట్ అంపైర్‌గా వేశారు. క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటి అమ్మాయి, వెనకాల వంగి నిలబడి ప్రతి బంతీ మంచిదో చెడ్డదో చెప్పే పని అది. నడుం నొప్పి పని. అయితే బంతి ఎలా వస్తుందో ఆ చోటు నుంచి కనిపించినట్టు ఇంకెక్కడి నుంచీ కనపడదు.

ఆ రోజు పిచర్లు ఇద్దరు. నీలం జట్టుకు బద్వేలు అమ్మాయి. వాళ్ళది భూములున్న కుటుంబం, నాన్నకు ఊళ్ళో విత్తనాల దుకాణం. కూతురు బంతి విసరడానికి ఇంటి వెనక నేల చదును చేయించి ఇచ్చిన మనిషి. ఆ అమ్మాయి రూల్స్ అడిగి అడిగి నా ప్రాణం తీసేది. టోర్నమెంటుకు వస్తే అన్నం తినేటప్పుడు కూడా పక్కన చేరి, "సార్, ఇట్లయితే ఔటా, అట్లయితే ఔటా?" అని మొదలుపెట్టేది. వయసు హద్దు ప్రకారం ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఆ తర్వాత ఈ వయసు విభాగంలో ఆడాలన్నా కుదరదు.

ఎర్ర జట్టుకు మంత్రాలయం అమ్మాయి. మంత్రాలయం అనడమే గానీ ఊరు ఇంకా లోపల, బస్సు దిగి నడవాలి. వర్షం మీద ఆధారపడిన కొంచెం చేను, మిగతాదంతా కూలి. ఏటా కొన్ని నెలలు ఇల్లు తాళమేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తారు. ఆ వలసనే వాళ్ళు సుగ్గి అంటారు. ఆ అమ్మాయిని కనిపెట్టి బంతి చేతికిచ్చింది కర్నూలు జిల్లాలో పనిచేసే నా పాత మిత్రుడు, నాలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు. నన్ను భాయ్ అంటాడు, నేను ఆయన్ను అన్నా అంటాను. ముందు ఏడాది ఆ అమ్మాయి సుగ్గికి వెళ్ళి చదువు పోగొట్టుకుంటే, ఇంటికి వెళ్ళి బతిమాలి మళ్ళీ కాలేజీలో చేర్పించింది ఆయనే.

మ్యాచ్ పొద్దున వాళ్ళమ్మ కూడా వచ్చింది. షామియానాలో కుర్చీలున్నా కూర్చోలేదు, గోడ నీడన ఒక మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. మా మిత్రుడు నన్ను ఆమె దగ్గరికి తీసుకుపోయాడు.

"ఈ సారే అంపైరు. నీ బిడ్డ ఆట బాగా చూస్తాడు" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "ఏమో సారూ, నాకు ఈ ఆట తెలీదు. ఎల్లుండి మేమంతా సుగ్గికి పోతాండాం. మా పాప సెలక్టయితే ఆ క్యాంపు కాడ ఉంటాది, ఆడ నుంచి హాస్టల్లో సేరుస్తానని ఈ సారు సెప్పినాడు. కాకుంటే మాతో వస్తాది. ఇంగొక మనిషి కోస్తే నాలుగు దుడ్లు కండ్ల జూస్తాము. రెండిట్లో ఏదైనా సరే అన్నాడు వాళ్ళ నాయన."

ఆమె మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. ఏ బస్సు ఎక్కాలో చెప్పినట్టు చెప్పింది. అంపైర్‌కు ఇలాంటివి ముందుగా తెలియకపోతేనే మంచిది. మా మిత్రుడి మీద చిరాకు కూడా వచ్చింది.

"నాకెందుకు చూపిచ్చినావన్నా?" అన్నాను పక్కకు లాగి.

"చూడు భాయ్, నీకు చెప్తే నువ్వు సాయం చేస్తావని కాదు. నువ్వు చెయ్యవని నాకు తెలుసు. నా కడుపులో మంటకు ఎవురికో ఒకరికి చెప్పుకోవల్ల గదా" అన్నాడు.

ఆట మొదలైంది. మొదటి ఇన్నింగ్స్‌లోనే నాకు అర్థమైంది, ఆ రోజు నా సర్వీసులో చూడనిది చూడబోతున్నానని. మంత్రాలయం అమ్మాయి బంతి ఒక్కటే తీరు, వేగం. చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో కనపడేది కాదు, క్యాచర్ గ్లవ్‌లో చప్పుడు వినపడేది. ఆ చప్పుడుకు గోడ మీద జనం మాటలు ఆపేశారు. బద్వేలు అమ్మాయిది వేరే తీరు. వేగం తక్కువ, బుద్ధి ఎక్కువ. మూలకు వేస్తుంది, తర్వాత అదే మూలకు వేసినట్టే వేసి బయటికి పోనిస్తుంది. బ్యాటర్ మనసులో ఏముందో ముందే అడిగి తెలుసుకున్నట్టు ఉండేది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, గాలిని కొట్టి, బ్యాటు వైపు అనుమానంగా చూసుకుంటూ వెనక్కి పోయారు. అందరూ రెండు జిల్లాల్లో పేరున్న బ్యాటర్లే. వెనకాల నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు పులకరించిందంటే అతిశయోక్తి కాదు. నడుం నొప్పి మరిచిపోయాను.

నేను అలా మైమరిచిపోయినా షామియానాలో పెద్దసారు స్కోరు మరిచిపోలేదు. సెలక్షన్ కమిటీకి ఆయనే పెద్ద. కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి మాకంటే ముందే రిటైరైనవాడు, కుర్రతనంలో మంచి క్రికెటర్. నల్ల కళ్ళద్దాలు, చేతిలో తువ్వాలు. మనిషి మంచివాడే. పరుగులు రాని ఆట ఆయనకు ఉప్పు లేని కూర. ఉన్న ఏడు ఇన్నింగ్స్‌ల్లో ఐదు అయ్యేసరికి స్కోరు సున్నా, సున్నా. నన్ను చెయ్యూపి పిలిచాడు.

"ఏందప్పా ఇది, ఒక్కరన్నా కొడతారా లేదా? ఈడికి నేను బ్యాటర్లను ఎన్నుకోనీకి వచ్చినా. అందరూ సున్నా కొడితే ఎవుర్ని రాసుకోవల్ల? పిచర్లకు చెప్పు. మెల్లగా, నడిమధ్యలో ఎయ్యమను."

ఇది ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. మా వైపు సెలక్షన్లలో ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. బ్యాటర్లను చూడాల్సి వస్తే పిచర్లు మెత్తగా వేసి కొట్టనిస్తారు. అందరికీ సర్దుబాటు, అందరికీ సంతోషం. నేను ఎన్నో సెలక్షన్లలో చూశాను, ఎప్పుడూ నోరెత్తలేదు. ఆ రోజు మాత్రం మనసొప్పలేదు. "పిచర్‌ను కూడా ఈ మ్యాచ్‌లోనే ఎన్నుకోవల్ల గదా సార్?" అన్నాను.

"ఎన్నుకుంటాం లేప్పా. చెప్పిన మాట వినే పిల్లే శిబిరంలో నిలబడేది" అన్నాడాయన. ఆ మాట చుట్టూ ఉన్న అందరికీ వినపడింది.

నేను పోయి ఇద్దరికీ చెప్పాను. బద్వేలు అమ్మాయి బుద్ధిగా తలూపి, "సరే సార్" అంది. ఆరో ఇన్నింగ్స్‌లో ముందు ఆమే వేసింది. అదే మూల, అదే మాయ, ఏమీ మారలేదు. ముగ్గురూ ఔటై ఎర్ర జట్టు వంతు అయిపోయింది. ఆమె నా పక్క నుంచి పోతుంటే, "మెల్లగా వెయ్యమన్నారు గదమ్మా?" అన్నాను.

"నా మెల్లగా ఇంతే సార్" అని పోయింది.

తర్వాత మంత్రాలయం అమ్మాయి బంతి తీసుకుంది. ఎదురుగా బ్యాటు పట్టుకుని వచ్చింది బద్వేలు అమ్మాయే, మా పోటీల్లో పిచర్లు కూడా బ్యాటింగ్ చేస్తారు. షామియానా పక్క నుంచి మా మిత్రుడు, "పెద్దసారు చెప్పినట్టు ఎయ్ బేటా" అని అరిచాడు. ఆయన అలా అన్నందుకు నేను తప్పుపట్టను. ఆయన కళ్ళ ముందు సుగ్గికి లారీ ఎక్కే పిల్ల కనపడుతోంది.

మంత్రాలయం అమ్మాయి ఒకసారి షామియానా వైపు చూసింది, ఒకసారి గోడ నీడన ఉన్న వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత మెల్లగా ఒక బంతి వేసింది. నేను కూడా కొట్టగలిగే బంతి, సరిగ్గా నడిమధ్యలో. బద్వేలు అమ్మాయి బ్యాటు కదిలించలేదు. స్ట్రైక్ అన్నాను, అలాంటివి మూడు పడితే ఔట్. రెండో బంతీ అలాగే వచ్చింది. మళ్ళీ కదిలించలేదు. రెండో స్ట్రైక్.

"కొట్టు పా, కొట్టు!" అని పెద్దసారు కుర్చీలోంచి లేచాడు.

బద్వేలు అమ్మాయి నన్ను టైమ్ అడిగి గీత బయటికి వచ్చింది. పిచర్ వైపు చూసి, పెద్దగా కాదు, మామూలుగానే అంది. "ఇంతసేపు ఏసినావే, అది ఎయ్. ఇది నాకొద్దు."

నా చెవిన పడింది, క్యాచర్ చెవిన పడింది, పిచర్ చెవిన పడింది. మీరు ఒకసారి ఆలోచించండి. అప్పటికే రెండు స్ట్రైకులు పోగొట్టుకుంది. ఆఖరి ఏడాది. ఎదుటి పిల్ల మెత్తగా వేస్తోంది, ఒక్క దెబ్బ కొడితే పెద్దసారు చప్పట్లు కొట్టి పేరు రాసుకుంటాడు. అయినా తనకు గౌరవం అనిపించని బంతిని ముట్టుకోలేదు. మెచ్చుకోవాల్సిన మనుషులను నేను చాలామందిని చూశాను, కానీ ముఖానికి క్యాచర్ జాలీ కట్టుకున్న అంపైర్‌కు కన్నీళ్ళు వస్తే తుడుచుకునే దారి ఉండదని ఆ రోజే తెలిసింది.

మంత్రాలయం అమ్మాయి నవ్వింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. షామియానా వైపు ఇక చూడలేదు. కాలెత్తి, ఒళ్ళంతా తిప్పి వేసింది. బంతి రావడం నాకు కనపడలేదు. బ్యాటు తిరిగింది, తగల్లేదు. మూడో స్ట్రైక్.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఆల్‌స్టార్ జట్టంటే అందరూ మేటివాళ్ళే గానీ ఒకరికొకరు కొత్తవాళ్ళు. ఎర్ర జట్టు క్యాచర్ ప్రొద్దుటూరు అమ్మాయి, ఈ పిచర్ బంతిని ఆ పొద్దుటే మొదటిసారి పట్టింది. పాపం అంతవరకూ ఎలాగో నెట్టుకొచ్చింది. రెండు మెత్తని బంతుల తర్వాత ఒక్కసారిగా వచ్చిన ఆ బంతి గ్లవ్ అంచుకు తగిలి, నా భుజం పక్క నుంచి వెనక్కి పోయింది. వెనక కట్టింది పాత వాలీబాల్ వల. దాని కింద నుంచి దూరి, బంతి దూరాన వేపచెట్ల దగ్గరికి దొర్లుకుంటూ పోయింది.

రెండో సంగతి రూలు. మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ పట్టుకోలేకపోతే, మొదటి బేస్ ఖాళీగా ఉంటే, బ్యాటర్ ఇంకా ఔట్ కాదు. పరిగెత్తవచ్చు. బంతి ఇంకా ఆటలోనే ఉంటుంది. అందుకే నేను స్ట్రైక్ అన్నాను గానీ ఔట్ అనలేదు. క్యాచ్ కాలేదని రెండు చేతులూ పక్కకు చాపి చూపాను. నా చేతుల వైపు ఎవరూ చూడలేదు.

ఎందుకంటే ఎర్ర జట్టు మొత్తం పిచర్ దగ్గరికి పరిగెత్తింది. మన క్రికెట్‌లో పెద్ద వికెట్ పడితే ఏం చేస్తాం? ఎక్కడెక్కడి వాళ్ళు వచ్చి బౌలర్ మీద పడి, వీపు చరిచి, గాల్లోకి ఎగురుతాం. అదే చేశారు. మొదటి బేస్ కాపలా పిల్ల వచ్చింది, మూడో బేస్ పిల్ల వచ్చింది, బయట దూరంగా ఉండాల్సినవాళ్ళు కూడా వచ్చారు. చివరికి క్యాచర్ కూడా ముఖం మీది జాలీ తీసి పారేసి వాళ్ళలో కలిసి ఎగరడం మొదలుపెట్టింది. అంత గొప్ప బంతిని చూసి ఎగరకపోతే మనుషులే కాదు. అయితే బంతి మాత్రం వేపచెట్ల కింద ఒంటరిగా ఉంది.

బద్వేలు అమ్మాయి తల వంచుకుని నిలబడి, వెనక్కి తిరిగి వల వైపు చూసింది. తర్వాత నా చేతులు చూసింది. బ్యాటు నెమ్మదిగా కింద పెట్టి పరుగందుకుంది.

మొదటి బేస్ దాటింది. గోడ మీద ఎవరో, "ఔటైన పాప యాడికి పోతాందిరా?" అని నవ్వాడు. రెండో బేస్ దాటింది. నా లోపల ఒక మనిషి, ఆ గుంపులోకి పోయి బంతి చూడండమ్మా అని అరవమంటున్నాడు. గోడ నీడన కూర్చున్న ఆ తల్లి కళ్ళ ముందు మెదిలింది. ఇంకో మనిషి, నోరు మూసుకోమన్నాడు. అంపైర్ జీతం రెండో మనిషిదే కాబట్టి మూసుకున్నాను. ఆమె మూడో బేస్ తొక్కేటప్పుడు మా కర్నూలు మిత్రుడికి తెలివొచ్చి, "బాల్! బాల్! అరే బాల్ యాడుంది!" అని గొంతు చించుకున్నాడు. క్యాచర్ వేపచెట్ల వైపు పరిగెత్తింది. ఆమె బంతి అందుకునేసరికి బద్వేలు అమ్మాయి మూడు బేస్‌లూ చుట్టి, బయల్దేరిన హోమ్ ప్లేట్ మీదే రెండు కాళ్ళూ పెట్టి నిలబడి ఉంది.

ఒకటి, సున్నా.

అందరూ నా మీద పడ్డారు. పెద్దసారు తువ్వాలు భుజాన వేసుకుని మైదానంలోకే వచ్చేశాడు. "మూడు స్ట్రైకులు పడినాక ఔటు కాదా? ఇది యాడి కొత్త రూలప్పా?"

"పాత రూలే సార్" అని వివరంగా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరేలే, ఇది సెలక్షన్ మ్యాచ్. పిల్లలకు తెలీక జరిగిండాది. ఔటనుకుని, ఆ రన్ను తీసేసి ఆడిద్దాం" అన్నాడు.

మా మిత్రుడి ముఖం వెలిగింది. "అంతే సార్, అదే న్యాయం" అన్నాడు. అంతలో మంత్రాలయం అమ్మాయి గుంపులోంచి బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"రూలు అదేనా సార్?"

"అదేనమ్మా."

"అట్లయితే ఆ రన్ను వాళ్ళదే సార్. మేమే సూసుకోలే."

మా మిత్రుడు, "నువ్వు మాట్లాడొద్దు బేటా" అన్నాడు. ఆమె అప్పటికే బంతి తీసుకుని తన చోటికి నడుస్తోంది. తర్వాత వచ్చిన ముగ్గురు బ్యాటర్లనూ ఔట్ చేసింది. ఒక్క మెత్తని బంతి కూడా వేయలేదు. పెద్దసారు కూడా మళ్ళీ అడగలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో బద్వేలు అమ్మాయి పని ముగించింది. చివరి బ్యాటర్‌గా మంత్రాలయం అమ్మాయే వచ్చి, బలంగా కొట్టింది. ఆ ఆటలో సరిగ్గా తగిలిన దెబ్బ అదొక్కటే అనవచ్చు. బంతి దూరంగా లేచింది, బయట కాపలా పిల్ల వెనక్కి వెనక్కి పోయి పట్టేసింది. మ్యాచ్ అయిపోయింది.

షామియానాలో అందరం చేరాం. బ్యాటర్ల సంగతి తొందరగానే తేలింది. పిచర్ దగ్గరికి వచ్చేసరికి పెద్దసారు, "ఇంకేముందప్పా, గెలిచిన పిల్లను రాసుకుంటే ఎవురూ అడగరు" అన్నాడు. ఎవరూ కాదనలేదు. కాదనడానికి స్కోరు అడ్డంగా ఉంది. మా మిత్రుడు కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను అంపైర్‌ను, అడిగితే తప్ప చెప్పకూడదు. పెద్దసారు నన్ను అడగలేదు. పిచర్లిద్దరినీ పిలిపించాడు.

బద్వేలు అమ్మాయిని చూసి, మెచ్చుకునే ధోరణిలోనే అడిగాడు. "తెలివైన పనే చేసినావు పా. ఆ పాప బాలు ఎట్లుండె నీకు?"

"నేను కొట్టలేదు సార్. పరిగెత్తినా, అంతే" అంది. పెద్దసారు ఇంకా చూస్తూనే ఉన్నాడు కాబట్టి మళ్ళీ చెప్పింది. "మా జట్టులో ఎవురూ ఆ పాప బాలు సరిగ్గా తగిలించలే. ఆ మూడోది నాకు కనపడనే లేదు. క్యాచరుకూ కనపళ్ళే. అందుకే పరిగెత్తనీకి అయింది."

పెద్దసారు గొంతు తగ్గించి, "నీకిది ఆఖరి ఏడు గదమ్మా?" అన్నాడు.

"అవును సార్."

"తెలిసే చెప్తాండావా?"

"మీరు అడిగినారు సార్. చెప్పినా."

త్యాగం చేస్తున్న మనిషి ముఖం కాదది. వెళ్ళాలని ప్రాణం పీకుతున్న మనిషి ముఖం. ఆమెకు ఆ చోటు కావాలి. అబద్ధం మాత్రం చెప్పలేదు. మెత్తగా వెయ్యమన్న పెద్దసారు మీద నాకు కొంచెం కోపం ఉండేది. ఆ కోపం అక్కడితో పోయింది. ఎందుకంటే ఆయన పక్కకు తిరిగి, "మంత్రాలయం పాప పేరు రాయండి" అన్నాడు.

మా మిత్రుడు గోడ దగ్గరికి ఎలా పరిగెత్తాడో చెప్పలేను. యాభై దాటిన మనిషి. ఆయన చెప్పింది విని ఆ తల్లి నమ్మలేదు, నన్ను చూసింది.

"ఓడిపోయిందన్నారు గదప్పా సారూ? ఓడిపోయినోళ్ళను ఎట్ల పిలుస్తారు?"

"ఆట ఓడిపోయింది. నీ బిడ్డ శిబిరానికి పోతుంది" అన్నాను. ఆమె మూట ఒడిలోకి తీసుకుని కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నలుగురూ చుట్టూ చేరి మంత్రాలయం అమ్మాయిని అభినందిస్తున్నారు. బద్వేలు అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని, కళ్ళు ఎర్రగా, బస్టాండ్‌కు బయల్దేరింది. వాళ్ళ పక్క నుంచే దారి. దగ్గరికి వచ్చాక ఆగింది.

"క్యాంపులో మూడో స్ట్రైకు పడినాక ఎగరొద్దు" అంది. "ముందు బాలు యాడుందో సూసుకో. తర్వాత ఎగురు."

మంత్రాలయం అమ్మాయి తలూపింది. బద్వేలు అమ్మాయి గేటు దాటి పోయింది.

"ఎవురు సారూ ఆ పాప?" అని అడిగింది తల్లి.

"మీ పాపను ఓడించిన పాపమ్మా" అన్నాను.

ఆమె గేటు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత కూతురిని భుజం పట్టి నెట్టింది. "ఇంకా ఈడనే నిలబడినావేమే? పో, బస్సు ఎక్కించి రాపో."

ఆ పిల్ల పరిగెత్తింది. పొద్దుటి నుంచి అన్ని బంతులు విసిరిన పిల్ల, అంత వేగంగా పరిగెత్తగలదని నాకు తెలియదు.